దులిపిన కొంగు

రాయపూర్ రైల్వే క్వార్టర్లో మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒకావిడ వచ్చేది. పొద్దంతా బియ్యం మిల్లులో పనిచేసి, సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చేది. మిల్లు గేటు దగ్గర ఆడకూలీలు ఒక్క గింజ కూడా దాచుకోలేదని కొంగు విప్పి దులిపి చూపించాలి. ఆ అలవాటు ఆమె చేతుల్లో ఉండిపోయింది. పని ముగించి వెళ్తూ మా గుమ్మం దాటేముందు కూడా, ఎవరూ అడక్కుండానే కొంగు దులిపి, "దేఖ్ లే బాయీ", చూసుకోమ్మా అని, అమ్మ చూసేదాకా నిలబడేది.

అమ్మకు అది చిన్నతనంగా ఉండేది. "మా ఇంట్లో ఇవేం పనులు? నువ్వు మా మనిషివి," అని ఒకరోజు వచ్చీరాని హిందీలో కోప్పడింది. ఆమె నవ్వి, దులపడం మానేసింది.

వారం తిరక్కుండానే తమ్ముడి వెండి చెంచా కనిపించలేదు. అమ్మ వంటిల్లంతా వెతికింది. సాయంత్రం ఆవిడ అంట్లు తోమడం ముగించి, చేతులు తుడుచుకుని గుమ్మం వైపు నడిచింది. అమ్మ చూపు ఆమె నడుం దగ్గర దోపుకున్న కొంగు మీద పడి, అక్కడే ఆగిపోయింది.

ఆమె కూడా ఆగింది. కొంగు లాగి, రెండు చేతులా పట్టుకుని, విసురుగా దులిపింది. గచ్చు మీద కాస్త తవుడు రాలింది.

"దేఖ్ లే బాయీ."

ఈసారి నవ్వలేదు. మర్నాటి నుంచి రాలేదు.

చెంచా నా బడిసంచీలో ఉంది. స్నేహితురాళ్లకు చూపిద్దామని పట్టుకెళ్లాను. ఆ సాయంత్రం ఆ సంచీని ఒళ్లో పెట్టుకుని, ఆ గుమ్మం పక్కనే కూర్చున్నాను. దాన్ని దులపమని నన్నెవరూ అడగలేదు.