పాలో డ్యూరో దారిలో పద్మజ ఆంటీ హ్యాండ్‌బ్యాగ్

నేను అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కి వచ్చి నాలుగేళ్లయింది. ఆఫీసు, లైబ్రరీ, అపార్ట్‌మెంట్, ఈ మూడింటి మధ్యే తిరిగాను. లైబ్రరీలో ఒక పెద్ద ఫోటోల పుస్తకంలో పాలో డ్యూరో కాన్యన్ చూశాను. టెక్సస్ ఉత్తర భాగంలో, బల్లపరుపు నేల మధ్య ఎర్రగా చీలిన లోయ అది. ఆ పుస్తకాన్ని నాలుగోసారి రెన్యూ చేసుకుంటుంటే వెనుక నుంచి పద్మజ ఆంటీ గొంతు వినిపించింది. "పుస్తకంల ఎన్నిసార్లు చూస్తవ్ బిడ్డా? ఎనిమిది గంటల డ్రైవ్. శనివారం పోదాం."

పద్మజ ఆంటీది వరంగల్. ఫార్మసిస్ట్‌గా రోజుకో చిన్న ఊరికి ఒంటరిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్తారు. ఒకసారి ఎవరో ఆమె కారును నలభై మైళ్లు వెంబడించారు. ఆ తర్వాత ఆమె శిక్షణ తీసుకుని, ఆర్కాన్సాలో తుపాకీ దాచి వెంట ఉంచుకునే లైసెన్స్ సంపాదించారు. హ్యాండ్‌బ్యాగ్‌లో పక్కన జిప్పు ఉన్న వేరే అర ఉంటుంది. చిన్న పిస్టల్ అందులో ఉంటుంది. మా తెలుగువాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఆమె అమెరికా పౌరురాలు. నేను హెచ్‌-1బి వీసా మీద ఉన్నాను. బయలుదేరే ముందు నిబంధనలు చదివాను, సరిగా అర్థమైందో లేదోనని మా ఇమిగ్రేషన్ లాయర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. "వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటం దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, ఉన్న కొద్ది మినహాయింపులు మీకు వర్తించవు. దాన్ని ముట్టుకోవద్దు, అది ఉన్న సంచీని కూడా పట్టుకోవద్దు." అంటే ఒక్క పొరపాటుతో వీసా, ఉద్యోగం, గ్రీన్ కార్డ్ లైన్‌లో నా చోటు అన్నీ పోవచ్చు. ఈ సంగతి ఆంటీకి ముందే చెప్పాలి. కానీ కాన్వెంట్‌లో పన్నెండేళ్లు "యెస్, సిస్టర్" తప్ప వేరే జవాబు ఎరగని దాన్ని. చెప్పకుండానే కారెక్కాను.

శనివారం ఉదయం ఐదుకి బయలుదేరాం. నలభై నిమిషాల్లో సైలోమ్ స్ప్రింగ్స్ చేరాం. ఆ ఊరు దాటగానే ఓక్లహోమా. ఆంటీ పెట్రోల్ బంకు దగ్గర కారు ఆపి, అట్ట వేసిన రూళ్ల నోట్‌బుక్ తీశారు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పేజీ, అంతా తెలుగులోనే. "ఓక్లహోమా: మన లైసెన్స్ చెల్లుతది. పోలీసు అడిగితే చెప్పాలె." "టెక్సస్: చెల్లుతది. తలుపుల మీద బోర్డులు చదవాలె." "కాలిఫోర్నియా: చెల్లదు. ఇంట్లనే పెట్టాలె." ఆ రాష్ట్రంలోని శాంటా క్లారాలో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు పిస్టల్‌ని ఇంటి లాకర్‌లోనే ఉంచి వెళ్తారట. ప్రతి ప్రయాణానికి ముందు ప్రభుత్వ వెబ్‌సైట్లు మళ్లీ చూసి, పేజీ కింద తేదీ వేస్తారు. సరిహద్దు దాటాం. రోడ్డు అదే, గడ్డి అదే, ఒక బోర్డు మాత్రం పక్క నుంచి వెళ్లిపోయింది. అదే బ్యాగ్, అదే బరువు. దాని అర్థం మాత్రం గీత గీతకీ మారుతుంది.

412 నంబరు హైవే మీద టల్సా, అక్కడి నుంచి టోల్ రోడ్డు మీద ఓక్లహోమా సిటీ. టోల్ దగ్గర ఆగే పని లేదు, కారు నంబరు ఫోటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు. సిటీ దాటాక, తొమ్మిదిన్నరకి ఒక చిన్న కెఫే దగ్గర ఆగాం. తలుపు మీద తుపాకీ బొమ్మ, దాని మీద అడ్డగీత. ఆంటీ వెంటనే వెనక్కి తిరిగి, డిక్కీలోని ఇనుప డబ్బాలో పిస్టల్ పెట్టి తాళం వేసి వచ్చారు. నేను నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాను. వంట చేసే పెద్దావిడ కిటికీలోంచి ఇదంతా చూసినట్టుంది.

"బోర్డు చదివారే! చాలామంది చదవరు, మేడమ్," అంది ఇంగ్లిష్‌లో.

"మీ ఇల్లు, మీ రూల్," అన్నారు ఆంటీ. ఆ మాట అంటూనే బ్యాగ్‌లోంచి ఆవకాయ సీసా తీశారు. "ఇది మాత్రం అలో చేస్తారా?"

ఆవిడ మూత తీసి వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "దీనికి లైసెన్స్ అక్కర్లేదా?"

చీజ్ శాండ్‌విచ్, వేయించిన బంగాళాదుంప తురుము, కాఫీ కలిపి మనిషికి పన్నెండు డాలర్లు. తింటుండగా ధైర్యం కూడగట్టుకున్నాను. "ఆంటీ, ఒక విషయం..."

"ఏంది?"

"ఆవకాయ మీరే పెట్టారా?"

బయటికి వచ్చాక పిస్టల్ మళ్లీ బ్యాగ్‌లోకి వెళ్లింది. నా మాట నాలోనే ఉండిపోయింది. ఐ-40 హైవే మీద పడమటికి వెళ్తుంటే చెట్లు తగ్గిపోయాయి, మన్ను ఎర్రబడింది, గాలిమరలు వచ్చాయి. ఆకాశం ఇంత పెద్దదని నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్న నాకు ఎవరూ చెప్పలేదు.

టెక్సస్‌లోకి వచ్చాక, పావు తక్కువ ఒంటిగంటకి హైవే పక్కన రెస్ట్ ఏరియాలో ఆగాం. బాత్రూమ్ ముందు ఆంటీ బ్యాగ్ నా వైపు చాచారు. "జర గిది పట్టుకో బిడ్డా. లోపల హుక్ ఉంటదో ఉండదో."

మన ఆడవాళ్ల మధ్య ఇది పాత మర్యాద. బస్టాండులో, సినిమా హాల్లో, పెళ్లిలో, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బ్యాగ్ పట్టుకుంటారు. ఎవరూ ఆలోచించరు. నా చేయి కూడా ఆలోచించకుండానే ముందుకు వెళ్లింది. బ్యాగ్ పట్టీ నా వేళ్లకు బెత్తెడు దూరంలో ఉంది. అప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను, ప్రార్థన లైన్‌లో నిలబడ్డట్టు.

"వద్దాంటీ."

"ఏం? బ్యాగ్‌ల పామేమన్న ఉన్నదా?"

"నేను పట్టుకోకూడదు." చేతుల్లోకి ఫోన్ తీసుకుని లాయర్ మెయిల్ చూపించాను.

ఆంటీ రెండుసార్లు చదివారు. బ్యాగ్‌ని గుండెకు అదుముకుని ఒక అడుగు వెనక్కి జరిగారు. "పొద్దుగాల్నుంచి ఎందుకు చెప్పలే?"

"భయమేసింది."

"తుపాకంటేనా?"

"మీరంటే."

ఆమె నవ్వబోయి ఆగిపోయారు. "నేను గూడ పద్నాలుగేళ్లు వీసా మీద ఉన్న బిడ్డా. పోలీసు కారు కనవడితే స్టీరింగ్ రెండు చేతుల్తోని గట్టిగ పట్టుకునేదాన్ని. సిటిజన్‌షిప్ వచ్చినంక ఆ భయమే మర్చిపోయిన. ఇప్పుడు నా చేతుల్తోనే నీ బతుకు..." నేరుగా కారు దగ్గరికి వెళ్లి, పిస్టల్‌ని డబ్బాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని పిన్నీసుతో తన నల్లపూసలకు తగిలించుకున్నారు. తర్వాత నోట్‌బుక్ తీశారు. అన్ని రాష్ట్రాల కంటే ముందున్న ఖాళీ పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు. "కార్ల వీసా పిల్లలుంటే: డబ్బా. తాళం. చెవి నా మెడల." కింద తేదీ వేశారు. బ్యాగ్ మెడలో వేసుకుని బాత్రూమ్‌లోకి వెళ్లారు.

మూడుకి కాస్త ముందు పార్క్ గేటు చేరాం. ప్రవేశానికి ఒక్కొక్కరికి ఎనిమిది డాలర్లు. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో పాస్ తీసుకున్నాం. అక్కడిదాకా దారి పొడవునా పత్తి చేలు, చదును నేల. కొండ ఏదీ ఎదురుగా వచ్చి హెచ్చరించదు. లోపల కారు ఆపి అంచు వైపు నడుస్తుంటే నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద ఇటుక ఎరుపు, పసుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి, అడుగున నూలుపోగులా వాగు. నా పాదాల కింద ఒక గద్ద ఎగురుతోంది. గద్ద వీపు చూడటం నాకు అదే మొదటిసారి. పుస్తకంలో ఆ లోయ రెండు పేజీలు. ఇక్కడ దాన్ని చూడాలంటే తల తిప్పుతూనే ఉండాలి.

తర్వాత ఆంటీకి ఫోటో తీయాలనిపించింది. చేతిలో బ్యాగ్ అడ్డం. ఆమె బ్యాగ్ జిప్పులన్నీ తెరిచి, ఉన్నవన్నీ రాతి మీద పరిచారు. కళ్లజోడు, టిష్యూలు, ఆవకాయ సీసా, సగం తిన్న అప్పాల పొట్లం. పక్క అరను లోపలిది బయటికి తిప్పి చూపించారు. అన్నీ మళ్లీ సర్ది, "ఇప్పుడు పట్టుకుంటవా?" అన్నారు. అంత పెద్దావిడ, కాస్త బెరుకుగా అడిగారు.

"ఇవ్వండాంటీ," అన్నాను.

ఆ రోజు రెండు సంగతులు నన్ను ఆశ్చర్యంలో ముంచాయి. ఒకటి ఆ లోయ. రెండోది, ఒక పెద్దావిడ నా "వద్దు"ని విని, కోప్పడకుండా, దానికి తన నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇవ్వడం. నేను చెప్పడానికి భయపడిన మాటకు పట్టిన సమయం పది క్షణాలు. నేను దాన్ని మోసింది మూడు రాష్ట్రాల దూరం. మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. తుపాకీ ఉన్నవాళ్లు తాము వెళ్లే ప్రతి రాష్ట్రం నిబంధనలూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకుంటారు. వీసా మీద ఉన్న మీరు మీ లాయర్‌ని అడగండి, ఆ జవాబును కారు స్టార్ట్ చేయకముందే పైకి చదివి వినిపించండి.