కళ్లు తెరవని తాబేళ్లు

ఈ సాయంత్రం మా అమ్మాయి గ్రేసీకి పుట్టినరోజు కానుక కొందామని గవర్నర్‌పేటలో పెంపుడు జంతువుల షాపుకు వెళ్లాం. తొట్టెలో ఏడు బుల్లి తాబేళ్లున్నాయి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఎలా ఎంచుకోవాలో ముందే నెట్ సెంటర్లో చదువుకున్నాను. కళ్లు మెరవాలి, డిప్ప గట్టిగా ఉండాలి, చేతిలోకి తీసుకుంటే కాళ్లు ఆడించాలి. అలాంటిది ఒక్కటే దొరికింది. మిగతా ఆరింటి కళ్లూ వాచి మూసుకుపోయాయి.

"మరి వాటినెవరు కొంటారంకుల్?" అని అడిగింది గ్రేసీ.

"ఎవరూ కొనరమ్మా. రేపో ఎల్లుండో పోతాయి," అన్నాడు షాపతను.

"డాక్టరుకి చూపించొచ్చు కదండీ?" అన్నాను.

"తాబేళ్లకి డాక్టరెక్కడున్నాడు మేడమ్?"

నాకూ తెలియదు. ఎంచుకున్నదాన్ని తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడది మా టబ్బులో హుషారుగా ఈదుతోంది. గ్రేసీ ఒక్కసారి కూడా దగ్గరికెళ్లి చూడలేదు. నేను చేసింది తప్పు కాదని దానికెలా చెప్పాలో, తెలిసినవాళ్లు కాస్త రాయండి. ముందు నాకు నేను చెప్పుకోవాలి.