ఒకరు తక్కువ

పర్నెస్ కొండ కింది ఊళ్ళో ఫిలాగ్రోస్ తాతకు ఒక్కటే పిచ్చి. చివరి మనిషి వచ్చేదాకా పండుగ మొదలుకానివ్వడు. చాటింపు ఆయనదే కాబట్టి, ఆయన నోరు తెరవందే బలి లేదు, బలి లేనిదే మాంసం లేదు.

“పండుగకి పెద్దలు పెట్టిన పేరేంటి? పనేగురిస్. అంటే అందరూ కూడడం. సగంమంది కూడడం అనలేదుగా” అనేవాడు.

ఒక ఏడు మంచం పట్టిన లాఖెస్‌ను తలుపు ఊడదీసి దానిమీద మోయించాడు. మోసేవాళ్ళ నడక బాగాలేదని లాఖెస్ దారి పొడవునా వంకలు పెట్టాడు. ఇంకో ఏడు నిండు చూలాలిని ఒకరనాలా ఇద్దరనాలా అని పూజారితో మధ్యాహ్నం దాకా వాదించాడు.

ఈ ఏడు అపోలో గుడి ముందు ఎద్దు కొమ్ములకు కట్టిన దండలు వాడిపోతున్నాయి. వంటవాడు సిమోస్ కత్తిని నూరి నూరి సగం చేశాడు.

“తాతా, ఇంక కానియ్.”

“ఒకరు తక్కువరా.”

“ఎవరు?”

“కొండమీది మిక.”

సిమోస్ మొహం మాడింది. నిరుడు మిక పెంచే మేక దేవుడి దండలన్నీ నమిలేస్తే, “ముందు నిన్ను కట్టెయ్యాలి” అని ఊరందరి ముందూ ఆమెను అన్నది అతనే. ఇక ఆ గుడి ఛాయలకు రానని ఆవిడ ఒట్టేసుకుంది. బలి మాంసంలో అందరికీ సమాన వాటా. ఒంటరి మనిషి, ఆ వాటాకు కూడా రాకపోతే ఊరికీ ఆమెకూ తెగినట్టే.

“ఎవణ్ణయినా పంపు తాతా.”

“నోరు జారింది నువ్వు. కాళ్ళు ఇంకొకడివి అరగాలా?”

సిమోస్ సణుక్కుంటూ కొండెక్కాడు. మిక గడపలో కూర్చుని ఉంది. ఉతికిన బట్టలు, తలకు పూలదండ. తెల్లవారినుంచీ అలాగే కూర్చున్నట్టుంది.

“అత్తా, నిరుడు నేనన్నది తప్పు. రా, పోదాం.”

“తాత పంపాడా?”

“నేనే వచ్చా.”

“అబద్ధం కూడా అతకదు నీకు” అంటూ ఆమె లేచింది. మేకను మాత్రం రెండు ముళ్ళు వేసి కట్టింది.

నీళ్ళు చిలకరిస్తే ఎద్దు సరేనన్నట్టు తలూపింది. బలి అయింది. మిక తన వాటా అందుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

“ఇంత జనంలో ఒకరు తగ్గారని ఎలా లెక్కపెడతావు తాతా?” అన్నాడు సిమోస్, నిప్పుమీద మిగిలిన ముక్కలు కాలుస్తూ.

“లెక్కా? పది దాటితే నాకు రాదురా. రావడానికి మొహం చెల్లనివాళ్ళెవరో తెలిస్తే చాలు.”

సిమోస్ నవ్వబోయి ఆగాడు. తొలిసారి వండిన ఏడు అతను మాంసమంతా బొగ్గు చేశాడు. మరుసటి పండుగకు అటకెక్కి దాక్కుంటే, తల్లి వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళింది.

“అప్పుడు మా అమ్మను పంపింది నువ్వేనా?”

“మరి? నీకోసం ఎండలో నిలబెట్టానని ఊరంతా నన్ను దుమ్మెత్తి పోసింది.”

ముసలాయన మీద సిమోస్‌కు ఎక్కడలేని ప్రేమా పొంగింది. మోచేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

“కళ్ళు తర్వాత తుడుచుకుందువుగానీ, ఆ ముక్క తిప్పరా” అన్నాడు తాత. “మళ్ళీ మాడుస్తున్నావు.”