రెండు చేతులూ వదిలి

నా ప్యాంట్లన్నీ ఒకే చోట చిరుగుతాయి, కుడి మోకాలికి కాస్త పైన. పోలియో వచ్చిన ఆ కాలు మడత పడకుండా అడుగడుగునా అక్కడ అరచేత్తో నొక్కి పట్టి నడుస్తాను. అందుకని నడిచేటప్పుడు నాకు మిగిలేది ఒక్క చెయ్యే. గొడుగు పట్టుకుంటే సంచీ పట్టుకోలేను. సంచీ పట్టుకుంటే ఎదురొచ్చినవాళ్ళకు నమస్కారం పెట్టలేను.

బత్తలపల్లెలో ఎస్టీడీ బూత్ చూసుకునే రోజుల్లో నాకు చదువు చెప్పింది గ్రంథాలయమే. పదో తరగతి తప్పినవాణ్ణి. అయినా అక్కడి అల్మరాల్లో నేను తెరవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఒక విజ్ఞానశాస్త్రం పుస్తకంలో, నీళ్ళలో దిగిన మనిషి బరువును చాలావరకు నీళ్ళే మోస్తాయని ఉంది. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. నడుం లోతు నీళ్ళుంటే నాకు మోకాలి మీద చెయ్యి అక్కర్లేదన్నమాట. రెండు చేతులూ వదిలేసి నడవొచ్చు.

అంత నీళ్ళు ఎక్కడున్నాయి? మా బావిలో నీళ్ళున్నప్పుడు, మునిగిపోతానని నాయన నన్ను గట్టు దగ్గరికే రానివ్వలేదు. నేను ఆ పుస్తకం చదివేనాటికి అది ఎండిపోయి, మేకలు పడకుండా దాంట్లో కంపలు వేశారు.

రెండువేల సంవత్సరం దాటాక వరుసగా వేరుశనగ పంట పోతుంటే అక్కవాళ్ళు బెంగళూరు వలస పోయారు. బావ ఒక నీళ్ళ పార్కులో బండలు పరిచే పని చేశాడు. పని అయ్యాక మేస్త్రీ కూలోళ్ళకు పాసులిచ్చాడు.

"రా బామ్మర్దీ. అలల కొలనులో నేను పరిచిన బండలే. నేల మెల్లగా దిగుతాది, గుంతల్లేవు. నీ బుక్కులో ఉండేది నిజమో అబద్ధమో తేల్చుకుందువు" అని బావ బూత్‌కే ఫోన్ చేశాడు.

బస్సులో పోయాను. మరునాడు అక్క, బావ, బావ వాళ్ళమ్మ అయిన అత్త, నేను పార్కుకు చేరాం. గేటు దాటగానే ఎదురుగా నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. అత్త అక్కడే నిలబడిపోయింది.

"చెప్పులిడవండే! గంగమ్మ కనబడతాంటే అట్లే తొక్కుకోని పోతారా?"

మా వైపు కొత్త బోరులో నీళ్ళు పడితే ఎవరూ చెప్పులతో దగ్గరికి పోరు. దూరంగానే విడిచి, పసుపు కుంకుమ చల్లి, దండం పెట్టి, అప్పుడు దోసిలి పడతారు. మాకు అది తప్పని తోచలేదు. అక్క చెప్పులు విడిచింది. నేనూ బూటు విడిచాను. పొట్టి కాలికి సరిపోయేలా ధర్మవరంలో మడమ ఎత్తుగా కుట్టించుకున్న బూటు అది.

టిఫిన్ సంచీతో ముందు పోతున్న బావ చాలా దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమప్పా, చెప్పులు యాడ?"

"గంగమ్మ కాడ ఇడిసినాం" అంది అత్త.

"గంగమ్మ కాదు, నీ తలకాయ! అది ఉత్త సోకు నీళ్ళమ్మా. అలల కొలను ఇంకా ఆ పక్కనుండాది."

వెనక్కి పోయి బూటు తెచ్చుకోవాలన్నా ముందుకు పోయినంత దూరం. ముందుకే నడిచాను. మిట్టమధ్యాహ్నం, బండలు కాలుతున్నాయి. బూటు లేకపోయేసరికి ప్రతి అడుగుకూ నేలకు వంగినట్టవుతోంది. కొలను ముందు అద్దె నిక్కరు వేసుకోమన్నారు. ఎప్పుడూ ప్యాంటులో దాచుకున్న కాలు మొదటిసారి అందరి కళ్ళలో పడింది. ఒక పాప వాళ్ళమ్మ చెయ్యి లాగి చూపించింది. గుడ్డ లేని మోకాలి మీద చెమటకు నా చెయ్యి జారుతూనే ఉంది. గట్టుకు చేరేసరికి తొడలు వణుకుతున్నాయి.

"రోంతసేపు కూర్చో రా" అంది అక్క.

కూర్చుంటే లేవలేనని నాకు తెలుసు. దిగాను.

అప్పటికి ఇంకా మిషన్‌తో అలలు లేపడం మొదలుపెట్టలేదు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, తొడలు దాటాయి, నడుం తాకాయి. చెయ్యి తీశాను. పడలేదు. ఒక అడుగు వేశాను, ఇంకొకటి వేశాను. రెండు చేతులూ నీళ్ళ మీద ఊరికే ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో తెలియలేదు. అక్క చూస్తోందేమోనని తిరిగాను. అత్త చీర కుచ్చిళ్ళను అక్క ఎత్తి కడుతోంది. బావ సంచీ పెట్టే చోటు వెతుకుతున్నాడు.

సైరన్ మోగింది. జనమంతా కేకలు వేశారు. మొదటి అల పెద్దదేమీ కాదు. కానీ నా కాలు దానంతటదే పైకి లేచింది. కండ లేని కాలు, దాన్ని కింద నిలిపి ఉంచడానికి నాలో బలం మిగల్లేదు. బరువును నీళ్ళు మోస్తాయని పుస్తకం చెప్పింది. బరువే లేని కాలును ఏం చేస్తాయో చెప్పలేదు. వెల్లకిలా పడ్డాను. ముక్కులో, నోట్లో నీళ్ళు.

కొలను దగ్గర కాపలా ఉన్న ఒకతను ఈల వేస్తూ నన్ను జబ్బ పట్టి ఈడ్చుకొచ్చాడు. "మేలె బన్ని, మేలె బన్ని!" అని పైకి తరుముతూ కన్నడంలో బావను తిట్టాడు. ఇలాంటివాణ్ణి ఎందుకు దింపారని.

"ఇంగొకసారి దిగుతా బావా."

"సాలు సామీ. మీ నాయనకు నేనేం చెప్పుకోవల్ల?"

గట్టెక్కాక నా బరువంతా ఒక్కసారిగా మీద పడింది. నిలబడలేకపోయాను. బావ నన్ను వీపున వేసుకుని గేటు దాకా మోశాడు. అక్క చెప్పులున్నాయి, అత్త చెప్పులున్నాయి. ఎత్తు మడమ బూటు మాత్రం లేదు. చెత్త ఊడ్చేవాళ్ళు పాడైన బూటనుకుని తీసేసి ఉంటారని గేటు దగ్గరివాళ్ళు అన్నారు.

నడిచాను అని దారిలో అక్కతో అన్నాను.

"యాడ రా? నువ్వు పడింది కదా నేను చూసినా" అంది.

ఊరికొచ్చాక నాయనకు చెప్పాను. ఆయన కంప వేసిన బావి దగ్గర మేకలను తోలుతున్నాడు.

"రెండు చేతులూ ఇడిసి నడిసినా నాయనా."

"ఎంత దూరం?"

"రోంత. మల్ల మునిగినా."

నాయన కంపల సందులోంచి బావిలోకి చూశాడు.

"ఈ బావిలో దింపింటే నేర్సుకుంటాంటివి" అన్నాడు. "అప్పుడు గట్టు దాకా ఉండె నీళ్ళు."

ఒక మేక కంప దాకా పోయి ఆకు లాగుతోంది. నాయన దాన్ని అదిలించడం మరిచిపోయాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నేనే పోయి తోలాను.