ఈ పొద్దు నా వంతు

మా పుత్తూరు బస్సు వడమాలపేట దాటగానే చెడిపోయింది. పక్కసీటులో ఉన్న ఆమె గబుక్కున లేచి నిలబడింది.

"అంగన్‌వాడీ మూసినాక, శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో రెండో షిఫ్టుకు పోయే తల్లుల బిడ్డల్ని మా ఊరోళ్లమే వంతులేసుకోని సూసుకుంటామక్కా. ఈ పొద్దు నా వంతు. నేను లేకుంటే ఆ తల్లులు కంపెనీ బస్సెక్కలేరు" అంది.

ఇంట్లో ఉన్న మామగారికి ఫోన్ చేసింది. "మామా, నువ్వన్నా పో!"

"ఊరి బిడ్డలు నాకెందుకు?" అన్న అరుపు నాకూ వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశాడు. మెకానిక్ ఇంకా రాలేదు. దిగి నడవాలా అన్నట్టు ఆమె రోడ్డు వైపు చూసింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆమె విని, మెల్లగా కూర్చుంది.

"మీ మామేనా? ఏమంటాడు?" అన్నాను.

"ఆయనే బిడ్డల కాడికి పోయినాడక్కా. తల్లులు బస్సెక్కినారంట. బిడ్డలు ఏడస్తాండారంట. నేను సెప్పే కాకి కథ ఎట్ల మొదలవతాదని అడగతాండాడక్కా."

కళ్లు తుడుచుకుని, ఫోన్లోనే కథ మొదలుపెట్టింది. బస్సులో మేమందరం మాటలు ఆపేశాం.