యాంపులో చప్పుడు ఆగిన రోజు

నాకు చప్పుడు గిట్టదు. ప్లాంటులో పాతికేళ్లుగా కరెంటు మెయింటెనెన్సులో పనిచేస్తున్నాను. మోటారు మూలిగితే అది బేరింగు చప్పుడో వైండింగు చప్పుడో గుమ్మంలో నిలబడే చెప్పేస్తానని నాకో పొగరు. ఆ పొగరు ఏం చేసిందో ఇప్పుడు రాస్తున్నాను. చదివి తిట్టేవాళ్లు తిట్టవచ్చు. నన్ను నేను తిట్టుకున్నంత ఎవరూ తిట్టలేరు.

మా అక్క మొగుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తెల్లారకముందే వెళ్లి ఐసు దిమ్మలు లాగి, మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు. సాయంత్రమైతే గిటారు పట్టుకునేవాడు. పెళ్లిళ్లకీ పందిళ్లకీ పాడే ఆర్కెస్ట్రాలో గిటారు ఆయనదే, సగం పాటలూ ఆయనవే. ఐసుతో మొద్దుబారిన ఆ చేతులకి అగ్గిపుల్ల అంటుకున్నా చప్పున తెలిసేది కాదు. అవే చేతులు తీగల మీదికి వచ్చేసరికి పసిపిల్లని నిమిరినట్టు ఆడేవి. మా అక్క ఆయన్ని చూసి మురిసిపోయేది, పైకి మాత్రం విసుక్కునేది.

పాత ఓడల సామాను అమ్మే కొట్లో బావకి ఒక గిటారు యాంపు, అంటే గిటారు మోతని పెంచి వినిపించే పెట్టె, దొరికింది. వెనకటి రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు అందులో. స్విచ్చి వేస్తే అవి నిమిషంపాటు వేడెక్కి, ఎర్రగా వెలిగాక గానీ పలికేది కాదు. అది మోగితే నాకు కూడా ఒళ్లు జలదరించేది. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

దసరా దగ్గర పడుతుండగా దాన్ని ఆటోలో వేసుకుని మా ఇంటికి తెచ్చాడు.

"దీని గొంతులో ఏదో అడ్డం పడ్డాది బావ. నాను పాడతంటే ఇది గురకెడతంది. పండక్కి పందిట్లో పోగ్రాం ఉంది, ఓపాలి సూడు" అన్నాడు.

అందులో రెండు రకాల చప్పుళ్లున్నాయి, చిటపట ఒకటి, గుయ్యిమనడం ఒకటి. మొదటిది తేలిగ్గానే దొరికింది. పెన్సిలుతో ఒక్కో వాల్వునీ తట్టుకుంటూ పోతే, రెండోదాని దగ్గర పెనం మీద ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. పీకి చూస్తే పిన్నులకి చిలుం, సాకెట్టు చుట్టూ నల్లటి పొడి. బావ వాళ్లుండేది పాత ఊళ్లో. అక్కడ పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు, పోర్టు నుంచి అంత బొగ్గు పొడి ఎగిరొస్తుంది. దానికి తోడు సముద్రపు గాలి. బ్రష్షూ స్పిరిటూ పెట్టి సాకెట్లన్నీ కడిగేసరికి చిటపట పోయింది.

గుయ్యిమనడం మాత్రం పోలేదు. గిటారు వైరు పీకేసినా అదే చప్పుడు, వాల్యూము సున్నాకి తిప్పినా అదే చప్పుడు. ముందు వాల్వులు తీసి చూశాను. కరెంటుని వడకట్టే పెద్ద కెపాసిటర్లు మార్చాను. మూడు సాయంత్రాలు అలా పోయాయి. అసలే నాకు ముక్కు మీద కోపం. చెవిలో జోరీగలా అది అలా మోగుతుంటే ఇంట్లో అందరి మీదా విరుచుకుపడ్డాను. నాలుగో సాయంత్రం, ఏం తోచక, ప్లగ్గులోంచి యాంపు ఇనప చట్రానికి వచ్చే ఎర్తు వైరు విప్పాను. చప్పుడు ఠక్కున ఆగింది.

ప్లాంటులో ఎవడైనా ఎర్తు విప్పి వదిలేస్తే వాడి చొక్కా పట్టుకుంటాను. మెషీను లోపల కరెంటు ఎక్కడైనా లీకైతే, మనిషిని ముట్టుకోకుండా నేలలోకి పోయే దారి అదొక్కటే. ఆ సంగతి కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది నేనే. ఇది పరీక్ష కోసం విప్పాను, రేపు బిగించి అసలు రోగం ఎక్కడుందో చూస్తాను అనుకుని పడుకున్నాను.

మర్నాడు ఆయుధ పూజ. మా తాత నాగలి కడిగి బొట్టు పెట్టిన రోజుల నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాటిదాకా కదపకూడదు. పొద్దున్నే నా ఆవిడ స్క్రూడ్రైవర్లూ కటింగ్ ప్లయరూ టెస్టరూ అన్నీ తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చేసింది. నేను పక్కనే కూర్చుని హారతి కళ్లకద్దుకున్నాను.

మధ్యాహ్నం బావ వచ్చాడు. యాంపు స్విచ్చి వేసి, మా రబ్బరు చాప మీద నిలబడి, ఒక తీగ మీటి ఆగాడు. మీటినప్పుడు తీగ మోత, తీగ ఆగాక ఏ చప్పుడూ లేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏటి బావ, దీని ఊపిరి కూడా ఇనిపించట్లేదు! ఏటి సేసినావ్?"

"ఒక వైరు బిగించాలి, ఆగు" అంటూ లేచాను. స్క్రూడ్రైవరు కోసం పటం వైపు వెళుతుంటే నా ఆవిడ వంటింట్లోంచి అరిచింది. "పూజలో ఉన్నవి తీత్తారేటి? రేపు బిగించుకోండి."

చాలాకాలం తప్పంతా ఆ మాట మీదికే నెట్టేశాను. అది అబద్ధం. పండగ రోజున ప్లాంటులో మెషీను ఆగితే బొట్టున్న స్క్రూడ్రైవరే తీసి పని చేశాను, ఏ అమ్మవారూ ఏమీ అనలేదు. బిగిస్తే ఆ గుయ్యిమనడం మళ్లీ వస్తుంది. మూడు రోజులు కూర్చున్నా చేతకాలేదని బావ ముందు తేలిపోతుంది. అందుకని ఆగిపోయాను. టెస్టరు తీసి చట్రానికి ఒక్కసారి ఆనిస్తే దాని బుడ్డి దీపం వెలిగి ఉండేది. అది కూడా చెయ్యలేదు. ఒక్క రోజేగా అనుకుని, యాంపుని నా చేతులతోనే ఆటో ఎక్కించాను.

సాయంత్రం పందిట్లో నేను ముందు వరసలోనే ఉన్నాను. వాన పడి నేల తడిగా ఉంది. బావ ఎడం చేత్తో తీగలు పట్టుకుని, పాట ఎత్తుకోడానికి మైకు దగ్గరికి వంగాడు. పెదవులు మైకుకి తగిలాయి. ఒళ్లంతా బిగుసుకుపోయింది. స్పీకర్లోంచి ఒక అరుపు లాంటిది వచ్చింది, అది గిటారుదో మనిషిదో తెలియలేదు. జనం ఇదేదో ఆటనుకుని చప్పట్లు కొట్టారు. నాకు అర్థమైంది, అయినా కూర్చున్నచోటే ఉండిపోయాను. మైకుసెట్టాయన ఒక్కడే ఉరికి మెయిను పీకేశాడు.

బావ బతికాడు. ఎడం చేతి వేళ్లు నాలుగూ తీగల గీతలు పడి కాలిపోయాయి, రెండింటి చివర్లు తీసెయ్యాల్సి వచ్చింది. ఆస్పత్రి వరండాలో మా అక్క ఆ మైకుసెట్టాయన మీద పడింది. "నీ వైర్లే నా మొగుణ్ణి తినీసినాయి" అంటూ ఆయన మొహం మీద ఉమ్మింది. పందిరి కమిటీవాళ్లు చెంపలు వాయించారు. ఆయన చేతులడ్డం పెట్టుకోలేదు, కాదని కూడా అనలేదు. పక్కనే గోడకానుకుని నేను నోరు నొక్కేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత యాంపుని నా దగ్గరికే తెచ్చారు, తప్పెక్కడుందో చూడమని. తలుపేసుకుని విప్పాను. మెయిన్సు వైరు లోపలికొచ్చే చోట ఒక పాత కెపాసిటరు పగిలి, కరెంటుని చట్రంలోకి వదులుతోంది. ఆ కరెంటు ఎర్తులోకి పోతున్నప్పుడు వచ్చిందే ఆ గుయ్యిమనడం. నేను దారి మూశాను, చప్పుడు ఆగింది, కరెంటు బావ తీగల దాకా వచ్చి కూర్చుంది. మా ఇంట్లో రబ్బరు చాప అడ్డం ఉండబట్టి ఆయనకి తగల్లేదు. కెపాసిటరు మార్చి, ఎర్తు వైరు బిగించి, బయటికొచ్చి "యాంపులో ఏమీ లేదు" అని చెప్పాను.

రెండేళ్లు అలాగే గడిచాయి. బావ ఐసు పనికి మళ్లీ వెళుతున్నాడు, గిటారు ముట్టడు. ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనం చేస్తుంటే అక్క నా కంచంలో చేప ముక్క వేస్తూ అంది. "ఆ మైకుసెట్టోడు సామానంతా వొదిలీసి ఆళ్లూరు పద్మనాభం ఎల్లిపోనాడంట. పొలం పని సేసుకుంటన్నాడంట. నా ఉసురే తగిలింది."

ఆమె గొంతులో సంతోషం విన్నాను. ముద్ద కంచంలో పెట్టేశాను. ఎర్తు వైరు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. బావ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్లిపోయాడు. ఈ రోజుకీ నాతో మాట్లాడలేదు. అక్క ఏడవలేదు, తిట్టలేదు.

"నాను ఆయన మొహం మీద ఉమ్మినాను రా తమ్ముడా" అంది. కంచాలు పక్కకి నెట్టి, "లెగు, బండి తియ్యి" అంది.

పద్మనాభంలో వాకబు చేసుకుంటూ వెళితే, ఊరి బయట వరి మడిలో కలుపు తీస్తూ కనిపించాడు. అక్కని చూడగానే తల దించుకున్నాడు. మేం నోరు తెరిచేలోపే, "అమ్మా, ఆ రోజునించి నాను కరెంటు ముట్టుకోలేదు. మా ఇంట్లో బల్బు పోయినా పక్కింటోళ్లని పిలుస్తన్నాను" అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఆయన కూడా తన వైరింగే చేసిందని నమ్మాడు.

గట్టు మీద నిలబడి చెప్పాను. తప్పు నాదని, ఎర్తు విప్పింది నేనేనని. బురద చేతులు అలాగే పెట్టుకుని విన్నాడు.

"అయితే నా మైకు?"

"నీ మైకు ఎర్తు బాగానే ఉంది. అది బాగుండబట్టే కరెంటు అటు లాగింది. నువ్వు మెయిను పీకకపోతే మా బావ లేడు."

అక్క వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయింది. ఆయన వెనక్కి జరిగాడు. నా వైపు చూడకుండా, మడి అవతల ఉన్న భార్యని గట్టిగా పిలిచాడు. "ఒలే, ఓపాలి ఇలాగ రా!" ఆవిడ గట్లు దాటుకుంటూ వచ్చింది. ఆయన పక్కన నిలబడింది.

"ఇప్పుడు సెప్పండి" అన్నాడు నాతో. "మొదట్నించి సెప్పండి. ఇది కూడా ఇనాల."