పేరు రాయని పేజీ

చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుంది కాబట్టి ఆవిడ గుండీలక్క. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. పనికోసం ఊరుకాని ఊరొచ్చి పదకొండేళ్ళయింది. ఒంటి ప్రాణం. గదిలో ఒక స్టవ్వు, ఒక మంచం, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునేది కాలర్ల వదిన ఒక్కతే.

వరసకి వదినేం కాదులెండి. అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది, ఉండేది అక్క ఉండే మేడలోనే, పై అంతస్తులో. పొద్దున్నే ఇద్దరూ కలిసి నడిచెళ్తారు, ఇరవై నిమిషాల దారి. అక్క నోరు తెరిచేది ఆ ఇరవై నిమిషాలే. మిగతా రోజంతా మిషన్ల చప్పుడు, ఎవరి మాట ఎవరికి వినపడి చచ్చింది?

అలాంటి మనిషి దగ్గరికి కాలేజీలో పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. బతుకుతెరువుకి వలసొచ్చినవాళ్ళ మీద పుస్తకం వేస్తున్నారట.

"మేమడిగితే ఎవరూ నోరు విప్పట్లేదు ఆంటీ. మీవాళ్ళని మీరే అడిగి ఫోన్లో రికార్డు చేసివ్వండి" అంది.

అక్కకి భలే అనిపించింది. నలుగురి తలుపు కొట్టడానికి ఒక వంక దొరికింది మరి. నెల్లాళ్ళలో ఆ మేడలోనే ఇరవై ఇళ్ళు తిరిగింది. కొన్నిళ్ళలో టీ కూడా ఇచ్చారు. చివర్న వదిన దగ్గర కూర్చుంది.

"పేరు రాయరు కదే?"

"రాయరు వదినా. నాదీ పూచీ."

అప్పుడు చెప్పింది వదిన. ప్రతి ఆదివారం మెట్లమీద నిలబడి మొగుడితో ఫోన్లో గలగలా మాట్లాడుతుంది కదా, అవతల ఎవరూ ఉండరట. వదిలేసిపోయి మూడేళ్ళయిందట. మొగుడున్నాడంటే ఇంటి ఓనరూ, వీధిలో వాళ్ళూ కాస్త భయంగా ఉంటారని ఆ వేషం.

అచ్చు వేసేముందు మీకే చదివి వినిపిస్తాం, తప్పులుంటే చెప్పండని అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. మంచి పద్ధతే, కాదనను. అమ్మాయి చదువుకుంటూ పోయింది.

"ఒక మహిళ ప్రతి ఆదివారం మెట్లమీద నిలబడి, అవతల ఎవరూ లేని ఫోన్లో భర్తతో మాట్లాడుతుంది..."

పేరు లేదు, నిజంగానే లేదు. కానీ రోజూ ఆ మెట్లెక్కి దిగేవాళ్ళేనాయె హాలునిండా. వెనకనుంచి ఎవడో "సిగ్నల్ బానే అందుతోందే మరి" అన్నాడు. నలుగురు నవ్వారు. అక్క తల తిప్పి చూసేసరికి వదిన గుమ్మంలో చెప్పులేసుకుంటోంది.

మర్నాడు అక్క ఆ అమ్మాయితో పోట్లాడి పేజీ తీయించింది. పాపం ఆ పిల్లా ఏడ్చింది, "పేరు తీసేస్తే చాలనుకున్నానాంటీ" అని. తీసిన కాగితం పట్టుకుని అక్క పైకెళ్ళింది.

"తీసేశారు వదినా. పుస్తకంలో ఉండదు."

వదిన తలుపు సగమే తెరిచింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"కాగితంలోంచి తీశారు సరే. వాళ్ళ బుర్రల్లోంచి ఎవరు తీస్తారు? నీమీద కోపం లేదులే. నీ మొహం చూస్తే ఆ హాలే గుర్తొస్తోంది."

తలుపు మూసుకుంది.

అప్పట్నుంచి వదిన పది నిమిషాలు ముందే పనికి బయల్దేరడం మొదలెట్టింది. అక్కా పది నిమిషాలు ముందే లేచింది. వదిన ఇరవై చేసింది, అక్క అరగంట చేసింది. ఒకరోజు సరిగ్గా తెల్లారకుండానే అక్క గేటు దగ్గర నిలబడుంటే, వదిన జడైనా వేసుకోకుండా, నిద్రలేక ఉబ్బిన కళ్ళతో మెట్లు దిగుతూ కనిపించింది. అక్కని చూసి అక్కడే ఆగిపోయింది.

కాలర్లంటే కళ్ళు లాగేసే పని. నిద్ర చాలకపోతే సూది వేలిలో దిగుతుంది.

మర్నాటి నుంచి అక్క ఆలస్యంగా వెళ్తోంది. వదిన దిగి, గేటు చప్పుడయ్యాక ఇంకో పావుగంట ఆగి, అప్పుడు గది తాళం వేస్తుంది. సూపర్‌వైజరు రోజూ కసురుతాడు. మొద్దునిద్ర పట్టేసిందండీ అంటుంది.